కేతిగాని నోటికి తాళం

కొంతకాలం క్రిందట ఒక రాత్రి మా ఇంటికి బంధువుల కుర్రవాడొకడు వచ్చినాడు. బెంగుళూరులో కొలువు చేస్తున్నవాడు. గది ఖాళీ చేస్తుండగా దొరికినవంటూ కొన్ని పాత డీవీడీలు వెంట తెచ్చినాడు. అవి అమెరికా టెలివిజనులో వచ్చే కదిలే బొమ్మల హాస్య నాటికలు. పేరు 'సౌత్ పార్క్'. భోజనాలైన తరువాత అందులో ఒకటి పెట్టినాడు. "బొమ్మలాటే కదా, పాప కూడా చూడనీ" అన్నది మా అమ్మ. తొమ్మిదేండ్ల మా అమ్మాయి అందరికంటె ముందు చేరి కూర్చున్నది.

పట్టుమని రెండు నిమిషాలు గడవలేదు. బొమ్మ నోరు తెరచినది. మాటకు బదులు సన్నని కూత ఒకటి వినవచ్చినది. మరి కొంతసేపటికి మరొక కూత. కుర్రవాడు పకపక నవ్వినాడు.

"నాన్నా, ఆ కూత దగ్గర వాడు ఏమన్నాడు?" అని అడిగినది మా అమ్మాయి.

"ఏమీ అనలేదమ్మా."

"అనకుంటే అన్న ఎందుకు నవ్వినాడు?"

నా వద్ద సమాధానం లేదు. డీవీడీ తీసివేయించి పిల్లను నిద్రకు పంపినాను గాని, నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ కూత నాకు కొత్తది కాదు. సెకనుకు వేయి కంపనాల ఆ స్వరం రేడియోలో పనిచేసేవారికి నిత్య పరిచితం. యంత్రాల శబ్ద స్థాయిని సరిచూసుకొనడానికి మేము వాడుకొనే కొలబద్ద అదే. ఆ కొలబద్దనే ప్రపంచమంతటా తిట్టుకు మూతగా కూడా వాడుతున్నారు. నేనూ ఒకప్పుడు మాటలకు మూత వేసినవాడినే. ఆ సంగతి చెప్పుకొనడానికే ఈ ప్రసంగం.

బొమ్మల చేత బూతులాడించడం అమెరికావారు కనిపెట్టిన విద్య కాదు. మన రాయలసీమలో తరతరాలుగా తోలుబొమ్మలాట ఉన్నది. తెల్లని తెర, వెనుక దీపం, పదును చేసి రంగులద్దిన తోలుబొమ్మలు, హార్మోనియం, మద్దెల, తాళాలు. రామాయణ భారత కథలు తెల్లవార్లూ ఆడేవారు. అర్ధరాత్రి దాటి జనం కునికిపాట్లు పడే వేళకు రాములవారు, రావణాసురుడు పక్కకు తప్పుకొనేవారు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూకేవారు. వారి సరసాలు, తగాదాలు, ఊరి పెద్దల మీద విసుర్లు, శరీరధర్మాల మీద మోటు పరిహాసాలు మొదలయ్యేవి. నిద్రపోతున్న ఊరంతా లేచి కూర్చొనేది. ముసలమ్మలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు. పిల్లలు సగం అర్థమై, సగం కాక నవ్వేవారు. ఆ తరువాత మళ్ళీ రాములవారు వస్తే అదే జనం చేతులు జోడించి దండం పెట్టేవారు. ఇందులో ఎవరికీ వైరుధ్యం కనిపించలేదు.

సుమారు పదునెనిమిదేండ్ల క్రిందట, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పలమనేరు వైపు ఒక పల్లెలో అటువంటి ఆటను ధ్వనిముద్రణ చేసినాము. బొమ్మలాడించిన పెద్దాయనకు అప్పటికే డెబ్బై దాటినవి. కేతిగాని గొంతు, బంగారక్క గొంతు రెండూ ఆయనవే. చెక్కల చప్పుడు కాలితో ఆయనే వేసేవాడు. తిరిగి వచ్చి కంప్యూటరు ముందు కూర్చొని విన్నాను. రేడియోలో అశ్లీలం కూడదన్న నియమం ఉన్నది. ఇంటింటా ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిసి వినే సాధనం కనుక ఆ నియమం న్యాయమైనదే. పదకొండు చోట్ల కేతిగాని మాటలు కోసివేసినాను. అంతటితో ఆగితే బాగుండేది. కోసిన పాఠాన్ని పాత పేరుతోనే భద్రపరచినాను. అసలు పాఠం దాని క్రింద పడి మాసిపోయినది. ఏ అధికారీ నన్ను అట్లా చేయమనలేదు. స్థలం ఆదా అవుతుందనుకొన్నాను, అంతే.

ప్రసారమైన వారానికి ఆ పెద్దాయన మా కేంద్రానికి వచ్చినాడు. ఏదో పని మీద పట్టణానికి వచ్చి, చూసిపోదామని వచ్చినాడట. కాఫీ తెప్పించి ఇచ్చినాను. కాసేపు మాటలు సాగిన తరువాత మెల్లగా అడిగినాడు.

"మా కేతిగానికి పక్షవాతం వచ్చిందా సామీ? సగం మాట చెప్పి నోరు తెరుచుకోని నిలబడిపోయినాడే!"

"రేడియోలో ఆ మాటలు పనికిరావు తాతా" అన్నాను.

"రేడియోలో పనికిరావంటే సరే సామీ. మీ పెట్టెలో అయినా ఉండాయి గదా?"

ఉన్నవని చెప్పినాను. ఆ అబద్ధం ఈనాటికీ నన్ను బాధిస్తూనే ఉన్నది.

ఇప్పుడు అమెరికా సంగతికి వద్దాము. అక్కడ ఈ తగవు రేడియోతోనే ముదిరినది. 1973 అక్టోబరు 30 మధ్యాహ్నం రెండు గంటల వేళ న్యూయార్కులోని ఒక రేడియో కేంద్రం జార్జి కార్లిన్ అనే హాస్యగాని ప్రసంగాన్ని ప్రసారం చేసినది. ప్రసారాలలో పలుకరాని బూతు మాటలను గురించే ఆ హాస్యం. కుమారునితో కలిసి కారులో పోతున్న ఒక తండ్రి అది విని ప్రభుత్వ ప్రసార సంఘానికి ఫిర్యాదు చేసినాడు. వ్యవహారం సుప్రీం కోర్టుకు ఎక్కినది. 1978లో ఐదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచి, ప్రసార సంఘానికి అటువంటి మాటలను అదుపు చేసే అధికారం ఉన్నదని తీర్పు చెప్పినారు. ప్రసారం ఇంటిలోనికి పిలువకుండానే వస్తుందనీ, పిల్లలకు సులభంగా అందుతుందనీ వారు చెప్పిన ముఖ్య కారణాలు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు పెద్దల వేళ అనే ఏర్పాటు తరువాతి కాలంలో స్థిరపడినది.

ఈ అదుపు ఆకాశమార్గాన వచ్చే ప్రసారాలకే గాని కేబులు ప్రసారాలకు వర్తించదు. 'సౌత్ పార్క్' 1997లో కామెడీ సెంట్రల్ అనే కేబులు చానెలులో మొదలైనది. అంటే అందులోని కూతలు ప్రభుత్వం వేయించినవి కావు. చానెలువారు, ప్రకటనలిచ్చే వ్యాపారస్థులు ఏమనుకొంటారో అని తమకు తాము వేసుకొన్నవి. 2001లో అదే చానెలులో ఒక నాటికలో ఒకే ఒక మోటు మాటను మూత లేకుండా 162 సార్లు పలికించి, తెర మూలన లెక్క కూడా చూపించినారు. మాట సులభమైపోతే దానిలోని కారం ఎంత త్వరగా చస్తుందో చూపించడమే ఆ నాటికలోని హాస్యం.

మరి ఇంటికి కొనుక్కొని తెచ్చుకొనే డీవీడీ మాట ఏమిటి? అది పిలువకుండా వచ్చేది కాదు. డబ్బిచ్చి, ఎంచుకొని తెచ్చుకొనేది. 1978 తీర్పులోని కారణాలు దీనికి అన్వయించవు. అయినా 'సౌత్ పార్క్' తొలి సంవత్సరాల డీవీడీలలో కూతలు అట్లాగే ఉండిపోయినవి. తరువాతి కొన్ని సంపుటాలలో మాత్రమే మూతలు తీసినారు. 'ఫ్యామిలీ గై' అనే మరొక బొమ్మల నాటిక 1999లో మొదలై 2002లో ఆగిపోయినది. 2003లో డీవీడీలు విరివిగా అమ్ముడుపోవడం వలన, 2005లో తిరిగి టెలివిజనుకు ఎక్కినది. ఆ నాటిక డీవీడీలు కొన్నింటిలో కోత లేని శబ్దాన్ని కూడా ఇచ్చినారు. చూసేవాడు మూత ఉన్నది కావాలో, లేనిది కావాలో తానే ఎంచుకొనవచ్చును.

ఈ తేడా ఎందుకు వస్తుంది? నా వృత్తి అనుభవం చేత నాకు తోచిన కారణం ఇది. కూతను చివరి మిశ్రమంలో కలిపిన తరువాత క్రింది మాటను వేరుచేసి తీయడం సాధ్యం కాదు. మాట ఒక జాడలో, సంగీతం ఒక జాడలో, కూత ఒక జాడలో విడివిడిగా దాచి ఉంచితేనే రేపు మరొక పాఠం చేయవచ్చును. దాచడానికి ముందుచూపు కావాలి, ఖర్చు కావాలి. లేనిచోట ఆ రోజు ప్రసారం కొరకు వేసిన తాత్కాలికమైన మూత శాశ్వతమైపోతుంది. నేను కేతిగానికి చేసినది అదే. కూత కూడా హాస్యంలో భాగమని రచయిత భావించే సందర్భాలు ఉంటాయి. అక్కడ కూతను ఉంచడమే ధర్మం. అది రచయిత ఇష్టం. అమ్మేవాడి నిర్లక్ష్యం వేరు.

మరొక ఉదాహరణ ఇంతకంటె ఆలోచింపజేసేది. 2010లో 'సౌత్ పార్క్' రెండువందల ఒకటవ భాగం ప్రసారమైనప్పుడు, బయటి నుండి వచ్చిన బెదిరింపుల కారణంగా చానెలువారు అనేక చోట్ల కూతలు వేసినారు. చివర ఒక పాత్ర చేసే చిన్న ప్రసంగం మొత్తం కూత క్రిందికి పోయినది. ఆ ప్రసంగం బెదిరింపును గురించి, భయాన్ని గురించి అని రచయితలే చెప్పినారు. డీవీడీ వచ్చినప్పుడు కూడా ఆ కూత తొలగలేదు. తిట్టును మూయడానికి పుట్టిన సాధనం అభిప్రాయాన్ని మూయడానికి ఎంత సులభంగా అలవాటు పడినదో చూడండి. వినేవానికి రెండూ ఒకే స్వరం. మూత క్రింద ఉన్నది బూతో, బుద్ధిమాటో అతనికి తెలియదు.

మన ఇళ్ళకు దగ్గరి ఉదాహరణ 'షిన్‌చాన్'. యోషితో ఉసుయి అనే జపాను చిత్రకారుడు 1990లో పెద్దలు చదివే పత్రికలో దీనిని మొదలుపెట్టినాడు. ఐదేండ్ల పోకిరి పిల్లవాని కథ. 1992లో అక్కడి టెలివిజనుకు వచ్చినది. 2006లో హంగామా చానెలు దానిని మన దేశానికి తెచ్చినప్పుడు హిందీతోపాటు తమిళంలో, తెలుగులో కూడా మాటలు చెప్పించినారు. చిత్తూరులోనూ, తిరుపతిలోనూ బడి నుండి వచ్చిన పిల్లలు పుస్తకాల సంచీ దించకముందే షిన్‌చాన్ ముందు కూర్చొనేవారు. తల్లితండ్రులను ఎదిరించడం, పెద్దలను ఎగతాళి చేయడం, బట్టలు విప్పి గంతులు వేయడం పిల్లలు నేర్చుకొంటున్నారని ఫిర్యాదులు వెళ్ళినవి. 2008లో కేంద్ర సమాచార ప్రసార శాఖ దానిని నిలిపివేసినది. 2009లో కోతలతో తిరిగి వచ్చినది. ఇందులో విశేషమేమంటే, అమెరికాలో 2006లో అదే నాటికను రాత్రివేళ పెద్దల కొరకు, మాటలను మరింత మోటుగా మార్చి ప్రసారం చేసినారు. ఒకే బొమ్మ ఒక దేశంలో పెద్దలకు మోటు హాస్యమైనది. మరొక దేశంలో పిల్లల కార్యక్రమమై, కోతకు గురి అయినది. బొమ్మ అనగానే పిల్లలదే అనుకొనడం వలన వచ్చిన చిక్కు ఇది. మా అమ్మ పొరపడినదీ అక్కడే.

మన చట్టాలు ఈ విషయంలో మౌనంగా లేవు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం వెండితెరకు. ఇంటి వీడియోకు సంబంధించి 1984లో కాపీరైటు చట్టానికి 52ఎ అనే సెక్షను చేర్చినారు. సర్టిఫికెటు అవసరమైన చిత్రమైతే దాని నకలును క్యాసెట్టు మీద చూపించవలసి ఉంటుంది. కేబులు టెలివిజనుకు 1994 నియమాలు ఉన్నవి. పిల్లల కార్యక్రమాలలో చెడ్డ మాటలు లేకుండా జాగ్రత్తపడవలెనని అవి స్పష్టంగా చెబుతున్నవి. 2021 నుండి ఇంటర్నెట్టు ద్వారా వచ్చే చిత్రాలకు వయసు వర్గాలు, తల్లితండ్రులు వేసుకొనే తాళాలు వచ్చినవి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి ఏడు, పదమూడు, పదహారు సంవత్సరాల వర్గాలను వెండితెరకు కూడా తెచ్చినారు. ఈ మార్పులలో నాకు ఒక మంచి సూచన కనిపిస్తుంది. మాటను కోయడం నుండి, మాట ఎవరికి తగునో ముందుగా చెప్పడం వైపు మనం నడుస్తున్నాము. కోసిన మాట ఎవరికీ దక్కదు. వయసు గీత గీస్తే పిల్లవానికి నేడు అందని మాట పెద్దవాడైన తరువాత అందుతుంది.

గీత గీయడం మన ప్రాంతానికి తెలిసిన విద్యే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను చూడండి. ఏటా వేసవిలో మంగళవారం రాత్రి చాటింపుతో మొదలవుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇట్లా రోజుకొక వేషంతో జనం వీధులలోకి వస్తారు. ఆడవారిని చెరపట్టిన పాలెగాని కథ తెలిసినదే. అమ్మవారికి భయపడి వాడు దాక్కొంటే, వెదకి పట్టి తల నరకడానికి ఆమె మారువేషాలు వేసినదట. కొన్ని వేషాలలో బూతులు తిట్టడం ఆచారం. దాగిన పాలెగానికి రోషం పుట్టించి బయటికి రప్పించడానికే ఆ తిట్లని పెద్దలు చెబుతారు. బండ వేషం వేసిన కుర్రవాడు ఎదురుపడి తిడితే ఎవరూ కోపగించరు. విశ్వరూపం చెంప నరకడంతో జాతర ముగుస్తుంది. మరునాడు అదే కుర్రవాడు అదే వీధిలో అదే మాట అంటే పండ్లు రాలగొడతారు.

ఇక్కడ మాటకు కూత వేయలేదు. కాలానికి, స్థలానికి, వేషానికి హద్దు వేసినారు. చాటింపు ఒక హద్దు, చెంప నరకడం మరొక హద్దు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు అని అమెరికావారు గడియారంతో గీచిన గీతను మనవారు డప్పుతో గీచినారు.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పవలెను. పాత హాస్యమంతా నిర్మలమని నేననడం లేదు. శరీరాన్ని చూసి నవ్వే మాట ఒకటి, మనిషి పుట్టుకను చూసి నవ్వే మాట ఒకటి. ఆకలి, కడుపు, ముసలితనం, మగవాని డంబం, వీటి మీద కేతిగాడు విసిరిన మోటు మాట అందరికీ తగులుతుంది, ఆడించేవానికి కూడా. కులం పేరు పెట్టి, ఆడదాని మానాన్ని వేలెత్తి చూపి అన్న మాట కొందరికే తగులుతుంది, అదీ ఎదురుచెప్పలేనివారికి. మొదటిదానిని పెద్దల వేళకు వదలవచ్చును. రెండవదానిని ప్రసారంలో నేనీనాటికీ కోస్తాను. నాటి పదకొండు కోతలలో అటువంటివి రెండో మూడో ఉన్నట్లు గుర్తు. కాని వాటిని కూడా చెరిపివేసే హక్కు నాకు లేదు. ఒక కాలంలో జనం దేనికి నవ్వినారో, ఆ నవ్వు ఎవరిని గాయపరచినదో రేపటివారు తెలుసుకొనడానికి ఆ సాక్ష్యం ఉండవలెను.

కనుక నా మనవి మూడు మాటలలో చెబుతాను. ప్రసారం చేసేవారు కోయవలసి వస్తే కోయండి, కాని అసలు పాఠాన్ని వేరుగా దాచండి. డీవీడీగానో, మరొక రూపంలోనో ఇంటికి అమ్మేవారు ఇది కోసిన పాఠమో, కోయని పాఠమో పెట్టె మీద స్పష్టంగా అచ్చువేయండి. కొనేవాడు తెలిసి కొననీ. ఇంటి పెద్దలు బొమ్మ అనగానే పిల్లలది అనుకొనకండి. పెట్టె మీది వయసు చూసి, తాళం వేయవలసినచోట వేయండి. కూత పిల్లవానిని కాపాడదు. ఏదో దాచినారని చెప్పి వానికి ఆశ పుట్టిస్తుంది. మా అమ్మాయి ప్రశ్నే అందుకు సాక్ష్యం.

అనంతపురం సీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలు నేటికీ ఉన్నవి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. తెల్లవార్లూ ఆడే ఆటలు తగ్గి, దీపాలకు తోలు తొడుగులు, ఇంటి అలంకారాలు చేసి జీవించేవారు ఎక్కువైనారు. బొమ్మ నిలిచినది. రాత్రంతా దానిని మాట్లాడించే గొంతులు తగ్గిపోతున్నవి. మాట ధ్వనిముద్రణలోనే నిలువవలసిన స్థితి వచ్చినది. అందుకే నా తప్పు నాకు పెద్దదిగా కనిపిస్తున్నది.

కూత విన్న ఆ రాత్రి తరువాత నేను పలమనేరు వైపు పల్లెకు మళ్ళీ వెళ్ళినాను. పెద్దాయన పోయి ఎనిమిదేండ్లైనదట. ఆయన మనుమడు ఉన్నాడు. తాత వెంట తాళం వేసినవాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. నా వద్దనున్న కోసిన పాఠాన్ని అతనికి వినిపించినాను. తాత గొంతు వినగానే కంట నీరు పెట్టుకొన్నాడు. కోసినచోటు రాగానే ఆగమని సైగ చేసి, సిగ్గుపడుతూ ఆ మాట తానే చెప్పినాడు. చెప్పి నవ్వినాడు. నేనూ నవ్వినాను. పదకొండింటిలో ఏడు అతనికి జ్ఞాపకమున్నవి. మిగిలిన నాలుగు ఎంత తలచుకొన్నా రాలేదు.

ఆ ఏడింటిని అతని గొంతుతోనే ధ్వనిముద్రణ చేసి, ఇవి ప్రసారానికి కావు అని వ్రాసి, వేరుగా భద్రపరచినాను. మిగిలిన నాలుగు చోట్ల, ఇక్కడ మాటలు ఉండెను, కోసినవాడను నేను అని వ్రాసి, తేదీ వేసి సంతకం చేసినాను.